చిన్న దేశం – పెద్ద ఆకాశం

సొంత రాకెట్టు లేని దేశం చంద్రుడిని పరిశోధించగలదా?

2008 అక్టోబరు 22వ తేదీ ఉదయం శ్రీహరికోట నుంచి పి.ఎస్.ఎల్.వి.–సి11 రాకెట్టు మన చంద్రయాన్-1ను మోసుకుంటూ ఆకాశంలోకి లేచింది. ఆ నౌకలో మొత్తం 11 పరికరాలున్నాయి. వాటిలో ఒకదాని పేరు 'సారా'. చంద్రుడి నేలమీద నుంచి ఎగిరి వచ్చే పరమాణువులను పట్టి లెక్కించడం దాని పని. ఈ పరికరం తయారీకి నాయకత్వం వహించినది కిరూనా అనే ఊరిలోని పరిశోధనాలయం. కిరూనా ఐరోపా ఖండపు ఉత్తరాన, స్వీడన్ దేశంలో, ఉత్తర ధ్రువ వలయానికి కూడా పైన ఉన్న ఒక చిన్న గనుల పట్టణం. ఇనుప ఖనిజానికి అది పేరు పొందింది. డిసెంబరులో కొన్ని వారాలపాటు అక్కడ సూర్యుడు ఉదయించడు.

అంత దూరాన ఉన్న చిన్న ఊరి పరికరం మన శ్రీహరికోటకు ఎలా వచ్చింది? చంద్రుడి దాకా ఎలా వెళ్ళింది? దీని వెనుక ఎవరి నిర్ణయాలున్నాయి? ఈ ప్రశ్నలకు జవాబు వెతికితే, ఒక చిన్న దేశపు రోదసి సంస్థ ఏమి చేస్తుందో మనకు చక్కగా అర్థమవుతుంది.

కోటి మంది దేశం

స్వీడన్ వైశాల్యంలో చిన్నది కాదు. కాని జనాభా సుమారు ఒక కోటి ఐదు లక్షలు మాత్రమే. అంటే దేశమంతటా కలిపి దాదాపు మన హైదరాబాదు మహానగరంలో ఉన్నంత మంది! ఆ కొద్దిమంది కట్టే పన్నులలోంచే బడులు, ఆసుపత్రులు, రోడ్లు నడవాలి. మిగిలిన దానిలో కొంత భాగం మాత్రమే రోదసికి దొరుకుతుంది.

పెద్ద దేశాలు రాకెట్లు, ఉపగ్రహాలు, వ్యోమనౌకలు అన్నీ తామే తయారు చేసుకోగలవు. చిన్న దేశానికి ఆ వీలు లేదు. అందుచేత అది మూడు ప్రశ్నలు వేసుకోక తప్పదు. మనం ఏ పని బాగా చేయగలం? మిగతా పనికి ఎవరితో చేయి కలపాలి? వచ్చిన అడుగులన్నింటిలో దేనిని కాదనాలి? ఈ మూడు ప్రశ్నలకు జవాబు చెప్పవలసిన బాధ్యత స్వీడన్‌లో జాతీయ రోదసి సంస్థది. స్వీడిష్ భాషలో దాని పేరు 'రిమ్డ్‌స్టీరెల్సెన్'. 'రిమ్డ్' అంటే రోదసి, 'స్టీరెల్సె' అంటే పాలకమండలి.

తల పైనే ప్రయోగశాల

మొదటి ప్రశ్నకు జవాబు స్వీడన్‌కు ఆకాశమే ఇచ్చింది.

చలికాలపు రాత్రులలో కిరూనా పైన ఆకుపచ్చని తెరలవంటి వెలుగులు కదులుతుంటాయి. వీటిని ధ్రువకాంతులు అంటారు. సూర్యుడి నుంచి ప్రోటాన్లు, ఎలక్ట్రాన్లు ఎడతెగకుండా అన్ని దిక్కులకూ ప్రవహిస్తుంటాయి. దీనికే సౌరపవనం అని పేరు. భూమి అయస్కాంత క్షేత్రం ఈ పవనాన్ని చాలామటుకు పక్కకు మళ్ళిస్తుంది. ఆ క్షేత్రంలో వేగం పుంజుకున్న ఎలక్ట్రాన్లు బలరేఖల వెంట ధ్రువ ప్రాంతాల వైపు దిగి, సుమారు 100 కిలోమీటర్లు, అంతకు పై ఎత్తులలో ఉన్న గాలిని ఢీకొంటాయి. ఆ దెబ్బకు ఆక్సిజన్ పరమాణువులు శక్తిని పొంది, ఆ శక్తిని ఆకుపచ్చని కాంతిగా విడిచిపెడతాయి.

స్వీడన్‌కు ఈ విద్యలో పాత పరిచయం ఉంది. ఉష్ణమానాన్ని మనం కొలిచే సెల్సియస్ డిగ్రీలకు పేరిచ్చిన ఆండర్స్ సెల్సియస్, ఆయన సహచరుడు ఊలోఫ్ యోర్టర్ ఉప్సాలా నగరంలో ఉండేవారు. ధ్రువకాంతులు వెలిగినప్పుడు దిక్సూచి ముల్లు కూడా కదలడం 1741లో వారు గమనించారు. ఆ తరువాత ఇరవయ్యో శతాబ్దంలో, విద్యుదావేశం గల వాయువులు అయస్కాంత క్షేత్రాలలో ఎలా ప్రవర్తిస్తాయో వివరించిన హానెస్ ఆల్ఫ్వెన్ అనే స్వీడన్ శాస్త్రజ్ఞుడు 1970లో భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి అందుకున్నాడు. 1957లో కిరూనాలో ఒక పరిశోధనశాల వెలిసింది. సారా పరికరానికి నాయకత్వం వహించిన స్వీడన్ రోదసి భౌతికశాస్త్ర పరిశోధనాలయం దాని నుంచి పెరిగినదే.

ఇతర దేశాల వారు ఎంతో దూరం ప్రయాణించి చూడవలసిన దృశ్యం స్వీడన్ శాస్త్రజ్ఞులకు తల ఎత్తితే కనబడుతుంది. కాబట్టి సౌరపవనం, ధ్రువకాంతులు, వాతావరణపు పై పొరలు – వీటిలో ముందుండడం ఆ దేశానికి సహజమైన ఎంపిక.

1972లో వచ్చిన మలుపు

1960లలో ఐరోపా దేశాలు కొన్ని కలిసి ఒక రోదసి పరిశోధన సంస్థను పెట్టుకున్నాయి. ఆ సంస్థ ధ్రువకాంతులలోకి రాకెట్లు పంపడానికి కిరూనాకు సుమారు 40 కిలోమీటర్ల తూర్పున 'ఎస్‌రేంజ్' అనే ప్రయోగ కేంద్రాన్ని 1966లో తెరిచింది. చుట్టూ జనం అతి తక్కువ. రాకెట్ భాగాలు పడడానికి వేల చదరపు కిలోమీటర్ల ఖాళీ నేల ఉంది. ఖాళీ అంటే పూర్తిగా ఖాళీ కాదు. అక్కడ సామీ జాతివారు తరతరాలుగా రెయిన్‌డీర్ మందలను మేపుకుంటున్నారు. అందువల్ల ప్రయోగానికి ముందు ఆ ప్రాంతంలోని వారికి కబురు అందించవలసి ఉంటుంది.

కొన్నేళ్ళకే ఐరోపా సంస్థ చిన్న రాకెట్ల కార్యక్రమాన్ని ఆపివేయాలని నిశ్చయించుకుంది. ఎస్‌రేంజ్‌ను మూసివేయాలా, స్వీడన్ స్వీకరించాలా అనే ప్రశ్న వచ్చింది. స్వీడన్ స్వీకరించింది. 1972లో ఎస్‌రేంజ్ ఆ దేశం చేతికి వచ్చింది. ఆ ఏడాదే జాతీయ రోదసి సంస్థ, ప్రభుత్వపు స్వీడన్ రోదసి కంపెనీ కూడా ఏర్పడ్డాయి.

ఇక్కడ ఎవరి పని ఏమిటో గుర్తుంచుకోండి. రోదసి సంస్థకు సొంత ప్రయోగశాలలు లేవు. అది ప్రభుత్వం ఇచ్చిన ధనాన్ని ఏ పరిశోధనకు ఎంత ఇవ్వాలో నిర్ణయిస్తుంది, ఇతర దేశాలతో ఒప్పందాలు చేసుకుంటుంది. రోదసి కంపెనీ ఎస్‌రేంజ్‌ను నడుపుతుంది. పరిశోధన చేసేవారు కిరూనా పరిశోధనాలయంలో, విశ్వవిద్యాలయాలలో ఉంటారు. నిర్ణయించే చేయి, నడిపే చేయి, పరిశోధించే చేయి మూడూ వేరువేరు. నిధులు పంచేవారే పరిశోధకులు కూడా అయితే తమ ప్రయోగశాలకే ఎక్కువ పెట్టుకోవాలన్న ఆశ పుడుతుంది కదా!

ఎవరికి అవును, ఎవరికి కాదు?

ఒక శాస్త్రజ్ఞుడికి ఒక ఆలోచన వచ్చిందనుకోండి. ఆయన రోదసి సంస్థకు దరఖాస్తు పెట్టుకోవాలి. ఏ ప్రశ్నకు జవాబు కావాలి? దానికి ఏ పరికరం కావాలి? ఎంత ఖర్చు? ఎన్నేళ్ళు? ఇవన్నీ అందులో రాయాలి. నిపుణుల సంఘాలు ఆ దరఖాస్తులను చదివి విలువ కడతాయి.

చిన్న దేశంలో ఇక్కడే ఒక చిక్కు వస్తుంది. ఒక రంగంలో పనిచేసేవారు పట్టుమని పాతికమంది కూడా ఉండకపోవచ్చు. వారిలో ఒకరు ఇంకొకరికి గురువు, మరొకరు పాత సహాధ్యాయి. ఇలాంటప్పుడు ఒకరి దరఖాస్తును ఇంకొకరు నిష్పక్షపాతంగా తూచడం కష్టం. అందుచేత విదేశీ నిపుణుల చేత కూడా దరఖాస్తులను చదివిస్తారు. బయటివారి తరాజు మొహమాటం ఎరగదు.

మంచి దరఖాస్తులు కూడా కొన్ని వెనక్కు పోతాయి. ధనం అందరికీ చాలదు. అడిగినవారందరికీ తలా కొంచెం పంచితే ఎవరి పరికరమూ పూర్తికాదు. సగం కట్టిన పరికరం రోదసిలోకి వెళ్ళదు.

ఆరు నిమిషాల ప్రయోగశాల

తక్కువ ఖర్చుతో ఎక్కువ నేర్చుకునే మార్గాలలో ఒకటి సౌండింగ్ రాకెట్. ఇది కక్ష్యలోకి వెళ్ళదు. నిటారుగా పైకి లేచి, తిరిగి భూమి మీద పడుతుంది. ఎస్‌రేంజ్ నుంచి ఎగిరే 'మేసర్' అనే రాకెట్లు సుమారు 250 కిలోమీటర్ల ఎత్తుకు వెళతాయి. ఇంజను ఆగిన తరువాత, గాలి దాదాపు లేని ఎత్తులో, రాకెట్టు స్వేచ్ఛాపతనంలో ఉంటుంది. అప్పుడు అందులోని వస్తువులు భారం లేనట్లు ప్రవర్తిస్తాయి. ద్రవాలు ఎలా కలుస్తాయి, లోహాలు ఎలా గడ్డకడతాయి, జీవకణాలు ఎలా మారతాయి అన్న సంగతులు చూడవచ్చు.

ఈ స్థితి ఎంతసేపు ఉంటుంది? మీ పాఠ్యపుస్తకంలోని సూత్రంతోనే లెక్క కట్టండి. 100 కిలోమీటర్ల నుంచి 250 కిలోమీటర్ల దాకా ఎత్తు తేడా 150 కిలోమీటర్లు, అంటే 1,50,000 మీటర్లు. శిఖరం నుంచి కిందికి పడే వస్తువుకు

దూరం = ½ × 9.8 × (కాలం)²

కనుక (కాలం)² = 3,00,000 ÷ 9.8 = సుమారు 30,600. కాలం = సుమారు 175 సెకన్లు. పైకి వెళ్ళడానికీ అంతే పడుతుంది. రెండూ కలిపితే 350 సెకన్లు, దాదాపు 6 నిమిషాలు! ఆ ఎత్తులో గురుత్వ త్వరణం 9.8 కంటే కాస్త తక్కువ కాబట్టి నిజానికి మరికొన్ని సెకన్లు కలిసివస్తాయి.

ఆరు నిమిషాలేనా అనుకోకండి. తరువాత ఆ పెట్టె పారాచూట్‌తో దిగుతుంది. హెలికాప్టరులో వెళ్ళి తెచ్చుకుని, ప్రయోగ ఫలితాన్ని చేతిలోకి తీసుకోవచ్చు.

విద్యార్థులకు కూడా ఇక్కడ చోటుంది. స్వీడన్ రోదసి సంస్థ, జర్మనీ రోదసి సంస్థ కలిసి 'రెక్సస్' అనే చిన్న రాకెట్లను, 'బెక్సస్' అనే బెలూన్లను విశ్వవిద్యాలయ విద్యార్థుల కోసమే ఎగురవేస్తాయి. విద్యార్థులు దరఖాస్తు పెట్టుకోవాలి, నిపుణుల ప్రశ్నలకు జవాబు చెప్పాలి, పరికరాన్ని తామే చేసుకుని ఎస్‌రేంజ్‌కు తీసుకురావాలి. ఇందులో స్వీడన్ తన వంతు చోటును తన విద్యార్థులకే దాచుకోలేదు. ఐరోపాలోని ఇతర సభ్యదేశాల విద్యార్థులకు కూడా తెరిచింది. ఈరోజు పక్క బల్ల మీద పనిచేసిన పరాయి దేశపు విద్యార్థి, రేపు పెద్ద పరిశోధనలో భాగస్వామి కావచ్చు.

ఒక దూరదర్శిని – రెండు శాస్త్రాలు

1990లలో స్వీడన్‌లో రెండు బృందాలకు ఉపగ్రహం కావలసి వచ్చింది. ఒకరు ఖగోళ శాస్త్రజ్ఞులు. నక్షత్రాలు పుట్టే చల్లని మేఘాలలో నీరు, ప్రాణవాయువు ఉన్నాయా అని వారు వెతకాలి. రెండవవారు వాతావరణ శాస్త్రజ్ఞులు. ధ్రువాలపై ఓజోన్ పొర ఎందుకు పలచబడుతున్నదో వారు కొలవాలి. రెండు ఉపగ్రహాలకు ధనం లేదు. ఎవరి మాట నెగ్గాలి?

ఇక్కడ భౌతికశాస్త్రం సాయం చేసింది. దూరపు మేఘంలోని నీటి అణువులు, మన వాతావరణంలోని నీటి అణువులు, ఓజోన్ అణువులు – ఇవన్నీ సుమారు అర మిల్లీమీటరు తరంగదైర్ఘ్యం గల రేడియో తరంగాలను విడుదల చేస్తాయి. నేలమీద నుంచి వీటిని పట్టుకోవడం కష్టం. మన గాలిలోని నీటి ఆవిరే వాటిని మింగివేస్తుంది. గాలిని దాటి పైకి వెళితే ఒకే దూరదర్శిని రెండు పనులూ చేయగలదు. నక్షత్రాల వైపు తిప్పితే ఖగోళశాస్త్రం, భూమి అంచు వైపు తిప్పితే వాతావరణశాస్త్రం!

అలా పుట్టినదే 'ఓడిన్'. 1.1 మీటర్ల దూరదర్శినితో, 250 కిలోల బరువుతో అది 2001 ఫిబ్రవరి 20న కక్ష్యలోకి వెళ్ళింది. స్వీడన్ నాయకత్వం వహించగా కెనడా, ఫిన్లాండ్, ఫ్రాన్స్ చేతులు కలిపాయి. దూరదర్శిని సమయాన్ని రెండు శాస్త్రాలవారూ సగం సగం పంచుకున్నారు. రెండేళ్ళు పనిచేస్తే చాలని అనుకున్న ఓడిన్ 20 ఏళ్ళు దాటినా ఓజోన్‌ను కొలుస్తూనే వచ్చింది. 2007 నుంచి ఖగోళ పరిశీలనలు ఆగి, సమయమంతా వాతావరణానికే దక్కింది. ఓజోన్ పొర నెమ్మదిగా కోలుకోవడాన్ని గమనించాలంటే ఇలాంటి దీర్ఘకాలపు కొలతలే కావాలి.

ఏ ఒక్క బృందం మాట నెగ్గినా రెండవ శాస్త్రం ఆ దేశంలో వెనుకబడి ఉండేది. ఇద్దరినీ ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టడమే అక్కడ సమన్వయం అయింది.

ఎవరి రథమైనా సరే

స్వీడన్ ఉపగ్రహాలు ఎక్కడి నుంచి ఎగిరాయో చూడండి. మొదటి ఉపగ్రహం 'వైకింగ్' 1986 ఫిబ్రవరిలో దక్షిణ అమెరికాలోని కూరూ నుంచి, ఫ్రాన్స్‌వారి 'స్పాట్' ఉపగ్రహంతో పాటు అదే రాకెట్టులో ఎగిరింది. 'ఫ్రేయా' 1992లో చైనా నుంచి, ఓడిన్ రష్యా నుంచి వెళ్ళాయి. వాతావరణపు పై పొరలను చూసే 'మాట్స్' 2022 నవంబరులో న్యూజీలాండ్ నుంచి వెళ్ళింది. కక్ష్యలోకి రాకెట్లు పంపే వేదికను ఎస్‌రేంజ్‌లోనే 2023 జనవరిలో ప్రారంభించారు. అంతవరకూ ప్రతిసారీ ఇతరుల రథమే!

ఊరికే ఎవరు ఎక్కించుకుంటారు? మన దగ్గర వారికి కావలసినది ఏదో ఉండాలి. కిరూనా దగ్గర ఉన్నది, దశాబ్దాలుగా సానపట్టిన కణాల పరికరాల నైపుణ్యం. చంద్రయాన్-1లో ఇదే జరిగింది. సారాలో తటస్థ పరమాణువులను పట్టే భాగాన్ని స్వీడన్, జపాన్ శాస్త్రజ్ఞులు. సౌరపవనాన్ని కొలిచే భాగాన్ని స్వీడన్, స్విట్జర్లాండ్ శాస్త్రజ్ఞులు చేశారు. ఆ రెండింటినీ నడిపి, సమాచారాన్ని సమకూర్చే ఎలక్ట్రానిక్ భాగం మన తిరువనంతపురంలో తయారయింది. కిరూనా తరఫున స్టాస్ బరాబాష్, మన తరఫున అనిల్ భరద్వాజ్ ఈ పరిశోధనకు నాయకులు.

ఫలితం ఏమిటి? సౌరపవనంలోని ప్రోటాన్లు చంద్రుడి ధూళిని తాకగానే దాదాపు అన్నీ అందులోనే ఇంకిపోతాయని అంతకుముందు భావించేవారు. వాటిలో 20 శాతం దాకా ఎలక్ట్రానును గ్రహించి, హైడ్రోజన్ పరమాణువులై తిరిగి రోదసిలోకి ఎగిరిపోతున్నాయని సారా చూపింది. 2009 ఆగస్టులో చంద్రయాన్-1తో సంబంధాలు తెగిపోయేలోగా ఈ కొత్త సంగతి మనిషికి తెలిసింది. భారతదేశం ఒక్కటే దీనిని కనుగొన్నదని గాని, స్వీడన్ ఒక్కటే కనుగొన్నదని గాని చెప్పలేము.

మాట ఇస్తే నిలబెట్టుకోవాలి

స్వీడన్ రోదసి ధనంలో పెద్దభాగం ఐరోపా రోదసి సంస్థ ద్వారా ఖర్చవుతుంది. 1975లో 10 దేశాలతో మొదలైన ఆ సంస్థలో 2025 నాటికి 23 సభ్యదేశాలున్నాయి. శాస్త్ర కార్యక్రమానికి ప్రతి దేశమూ తన జాతీయాదాయాన్ని బట్టి చందా కట్టాలి. అయితే ఒక విశేషం ఉంది. వ్యోమనౌకను ఐరోపా సంస్థ కట్టిస్తుంది గాని, అందులోని పరికరాల ఖర్చును చాలామటుకు ఆయా దేశాల సంస్థలే భరించాలి. ఇల్లు ఉమ్మడిది, సామాను ఎవరిది వారు తెచ్చుకోవాలి అన్నమాట.

గురు గ్రహపు మంచు చంద్రులను పరిశోధించే 'జూస్' నౌకను ఐరోపా సంస్థ 2012లో ఎంపిక చేసింది. అది 2023 ఏప్రిల్ 14న బయలుదేరింది. 2031లో గానీ గురుగ్రహాన్ని చేరదు. అందులోని 10 పరికరాలలో రెండింటికి స్వీడన్ రోదసి భౌతికశాస్త్ర పరిశోధనాలయమే నాయకత్వం వహిస్తున్నది. 2012లో ఎనిమిదో తరగతి చదువుతున్న 13 ఏళ్ళ విద్యార్థికి, నౌక గమ్యం చేరేనాటికి 32 ఏళ్ళు వస్తాయి! ఈలోగా ఎన్నికలు వస్తాయి, మంత్రులు మారతారు, శాస్త్రజ్ఞులు ఉద్యోగ విరమణ చేస్తారు. ధరలు పెరుగుతాయి. అయినా ఇచ్చిన మాట నిలబడాలి. మధ్యలో డబ్బు ఆపితే ఒక్క స్వీడన్ పరికరమే కాదు, దాని కోసం నౌకలో చోటు ఉంచిన అందరి శ్రమా దెబ్బతింటుంది. మాట తప్పిన దేశానికి తరువాతి నౌకలో చోటు దొరకదు.

రాకెట్టు మంటలు చిమ్ముతూ లేచినప్పుడు మనం చప్పట్లు కొడతాం. ఆ పరికరం ఆ నౌకలోకి చేరడానికి పదేళ్ళ ముందు, ఎక్కడో ఒక గదిలో కొందరు కూర్చుని దరఖాస్తులు చదివి, ఇది చేద్దాం, ఇది వద్దు, దీనికి వారిని తోడు పిలుద్దాం అని నిర్ణయించి ఉంటారు. చిన్న దేశపు రోదసి యాత్ర ఆ గదిలోనే మొదలవుతుంది.

ఆలోచించండి – చేయండి

1. ఒక సౌండింగ్ రాకెట్టు 700 కిలోమీటర్ల ఎత్తుకు వెళ్ళింది. గురుత్వ త్వరణం 9.8గానే తీసుకుంటే, 100 కిలోమీటర్లకు పైన అది ఎంతసేపు ఉంటుంది? ఆ ఎత్తులో గురుత్వ త్వరణం తగ్గుతుంది కదా, నిజమైన కాలం మీ జవాబు కంటే ఎక్కువా, తక్కువా?

2. ధ్రువకాంతులు కిరూనాలో తరచు కనిపిస్తాయి, మన ప్రాంతంలో ఎందుకు కనిపించవు? ఒక దండ అయస్కాంతం, ఇనుప రజను, కాగితం తీసుకుని బలరేఖలను గీసి చూసి జవాబు రాయండి.

3. తరగతిలో ఆరు జట్లుగా విడిపోండి. ప్రతి జట్టూ మీ ఊరికి పనికివచ్చే ఒక పరిశోధనను ఎంచుకుని – చెరువు నీటి పరీక్ష, వర్షపాతం కొలత, పక్షుల లెక్క వంటివి – దానికి కావలసిన ఖర్చు రాయండి. మొత్తం ధనం 1,000 రూపాయలే అనుకోండి. ప్రతి జట్టు దరఖాస్తునూ ఇంకొక తరగతివారి చేత చదివించి, మార్కులు వేయించండి. ఏ రెండు జట్లు ఒకే పరికరాన్ని పంచుకోగలవో చూడండి. చివరకు కాదన్న ప్రతి దరఖాస్తు మీదా కారణాన్ని రెండు వాక్యాలలో రాయండి. ఆ రెండు వాక్యాలు చదివిన జట్టు, మళ్ళీ వచ్చేసారికి మెరుగైన దరఖాస్తుతో రావాలి. కారణం అంత స్పష్టంగా ఉండాలి.